ఈగలొచ్చాయని మొక్కల్ని పారేస్తామా?

సాయంత్రం టీ కప్పు చేతిలోకి తీసుకున్నానో లేదో, మీగడ మీద ఆవగింజంత నల్లటి పురుగొకటి తేలుతూ కనిపించింది. వేలితో తీసి పారేశాను. మర్నాడు ఇంకోటి. ఆ తర్వాత టీవీ చూస్తుంటే కళ్లకడ్డం, అన్నం తింటుంటే కంచం చుట్టూ, సంధ్యాదీపం పెడితే దీపం చుట్టూ. కుట్టవు, కరవవు. కానీ మనిషిని కుదురుగా కూర్చోనివ్వవు.

"నేనప్పుడే చెప్పాను కదా, ఇది ఇల్లా, అడవా అని!" అన్నారు మా ఆయన, చేత్తో ముక్కు ముందు విసురుకుంటూ.

మా హాల్లో, కిటికీ దగ్గర, మంచాల గదిలో కలిపి 11 కుండీలున్నాయి. వాటిలో రెండు మూడు ఆయన రిటైరైనప్పుడు ఆఫీసువాళ్లు ఇచ్చినవే. అయినా పూలొస్తే 'మన మొక్కలు', పురుగులొస్తే 'నీ మొక్కలు'! పిల్లాడికి ఫస్ట్ క్లాసొస్తే నాన్న పోలిక, ఫెయిలైతే అమ్మ గారాబం అన్నట్టే ఇదీ. మీ ఇంట్లోనూ ఇంతేనా?

ఇంట్లో సంగతైతే ఎలాగోలా సర్దుకునేదాన్ని. సరిగ్గా అదే వారం మా పై అంతస్తులో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఆసుపత్రిలో చేర్చారు. వాళ్లమ్మ లిఫ్టు దగ్గర కనిపించి, "కన్ను మూసి నాలుగు రోజులైందక్కా" అంటే నా నోట మాట రాలేదు. ఆ సాయంత్రమే మా అపార్టుమెంట్ కమిటీవాళ్లు నోటీసు అంటించారు. 'ఇళ్లలో, వరండాల్లో ఉన్న మొక్కల వల్ల దోమలు పెరుగుతున్నాయి. వచ్చే ఆదివారంలోగా అందరూ కుండీలు తీసేయాలి' అని.

ఒక్కొక్కరూ తీసేయడం మొదలుపెట్టారు. ఎదురింటావిడ చక్కటి పీస్ లిల్లీని గేటు పక్కన పెట్టేసింది. "ఎందుకు పారేస్తున్నావు తల్లీ?" అంటే, "మా ఇంట్లోనూ ఈ ఈగలున్నాయి ఆంటీ. మా అత్తయ్య రోజూ సణుగుతున్నారు. పైగా ఇప్పుడు డెంగీ అంటున్నారు. నాకెందుకొచ్చిన గొడవ?" అంది.

'నాకెందుకొచ్చిన గొడవ' అని మన ఆడవాళ్లం వదులుకున్నవి ఎన్ని! సంగీతం వదులుకున్నాం, ఉద్యోగాలు వదులుకున్నాం. ఇప్పుడు కిటికీలో ఉన్న నాలుగు ఆకులు కూడానా?

నా సంగతి చెప్తాను. నా 11 కుండీల్లో ఒకటి తమలపాకు తీగ. మాది వరంగల్ వైపు పల్లె. మా పెరట్లో బావి పక్కన పందిరికి అల్లుకున్న తీగ అది. మా అమ్మ పోయిన ఏడాది ఆ ఇల్లు అమ్మేశారు. అన్నదమ్ములు గిన్నెలు, మంచాలు పంచుకుంటుంటే, నేను మూడు కణుపులున్న తీగముక్క తడిబట్టలో చుట్టుకుని బస్సెక్కాను. అదే ఇవాళ కిటికీ ఊచల నిండా పాకింది. ఇంట్లో ఏ పేరంటమైనా తాంబూలంలోకి ఆకు దానిదే. దాన్ని తీసుకెళ్లి గేటు పక్కన పెట్టమంటే ఎలా పెట్టను?

నా బాధ చూసి మా ఆయనకే జాలేసింది. "పోనీ, మందు కొడదాంలే" అన్నారు. ఊరి నుంచి వస్తున్న మరిదికి ఫోన్ చేశారు. ఆయన పత్తి చేలో కొట్టే మందు ఓ సీసాలో పోసి తెచ్చాడు. "రెండు చుక్కలు చాలు వదినా, ఈగ కాదు కదా, చీమ కూడా మిగలదు" అన్నాడు.

సీసా మూత తియ్యకముందే నాకా వాసన తెలిసిపోయింది. 1998 ప్రాంతంలో మా జిల్లాలో పత్తి పంట పోయి, అప్పులు తీర్చలేక ఎంతోమంది రైతులు పురుగులకు కొట్టాల్సిన మందు తామే తాగారు. ఆ రోజుల్లో మా వైపు వాళ్లెవరికీ ఆ వాసన మరపుకు రాదు. అది ఆరుబయట, గాలి వాలు చూసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని కొట్టాల్సింది. దాన్ని తలుపులేసిన గదిలో, మనవడు పాకే నేల మీద, నేను తాంబూలంలో పెట్టే ఆకు మీద కొట్టడమా? పేరు కాగితం లేని సీసాలో, మంచినీళ్ల సీసాలో ఇలాంటి మందు పోసి ఇంట్లో ఉంచడమే పెద్ద ప్రమాదం. పిల్లలు తెలియక తాగిన సంఘటనలు మనం పేపర్లో చదవడంలేదూ? "నువ్వు తెచ్చినంత జాగ్రత్తగా వెనక్కి తీసుకెళ్లు మరిదీ" అని చెప్పి పంపేశాను.

సరే, మందొద్దు, పారేయొద్దు అంటే మరేం చెయ్యాలి? అప్పుడు కదా నాకు తట్టింది, ఇంతవరకూ ఆ పురుగేమిటో ఎవరమూ సరిగ్గా చూడనే లేదని! కళ్లజోడు పెట్టుకుని కుండీల ముందు కూర్చున్నాను.

ఇంట్లో తిరిగే చిన్న పురుగులన్నీ ఒకటి కావండీ. ముగ్గిన అరటిపండ్ల చుట్టూ మూగేవి పండ్ల ఈగలు. గోధుమరంగులో ఉంటాయి, కళ్లు ఎర్రగా ఉంటాయి. స్నానాల గదిలో గోడకు అంటుకుని, ఒళ్లంతా నూగుతో బుల్లి సీతాకోకచిలుకలా కనిపించేవి తూముల్లో పుట్టేవి. కుట్టేది దోమ, దాని సంగతి చెప్పక్కర్లేదు. ఇక కుండీ కదిపితే మట్టిలోంచి లేచి, కాస్త దూరం తడబడుతూ ఎగిరి మళ్లీ మట్టి మీదే వాలే సన్నటి నల్ల ఈగలు నాలుగో రకం. ఇంగ్లీషులో ఫంగస్ నాట్స్ అంటారు. మా ఇంట్లో ఉన్నవి ఇవే. వీటికి కుట్టడం రాదు. మనిషి రక్తం వీటికి అక్కర్లేదు. డెంగీ, మలేరియా ఇవి మోయవు.

"పురుగు పురుగే, తేడా ఏముంది?" అనకండి. తేడా తెలుసుకోవడం ఎంత ముఖ్యమో లోకానికి తెలిసింది మన హైదరాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలోని ఒక చిన్న ప్రయోగశాలలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయితే అంతకుముందు రెండేళ్లపాటు ఆయన శ్రమ ఎందుకు ఫలించలేదో తెలుసా? వేరే రకం దోమల్ని కోసి చూస్తూ కూర్చున్నాడు కాబట్టి. రెక్కల మీద మచ్చలున్న దోమను పట్టుకున్నాకే గుట్టు వీడింది. అంతటివాడికే ఏ పురుగో తేలకుండా పని జరగలేదు. మనం మాత్రం చూడకుండానే నోటీసులు అంటించేస్తాం!

ఈ ఈగలు మట్టిలోనే పుడతాయి. ఒక్కో ఆడ ఈగ తడిమట్టిలో 100 నుంచి 200 దాకా గుడ్లు పెట్టగలదు. వాటినుంచి నల్లటి తల, గాజులాంటి ఒళ్లు ఉన్న సన్నటి పురుగులు వస్తాయి. రెండు వారాలపాటు మట్టిలోని బూజును, కుళ్లిన ఆకులను తింటాయి. అవి చాలకపోతే మొక్క లేతవేళ్లు కొరుకుతాయి. మూడు నాలుగు వారాల్లో గుడ్డు ఈగవుతుంది. ఈగగా బతికేది మాత్రం వారం, పది రోజులే. అందుకే కళ్లముందు ఎగిరేవాటిని ఎన్ని చంపినా లాభం లేదు. అసలు సంసారమంతా మట్టిలో ఉంది.

మీ కుండీలో ఉన్నాయో లేవో తెలుసుకోవడం తేలిక. పచ్చి బంగాళాదుంప చక్రంలా కోసి మట్టి మీద బోర్లించండి. రెండు రోజులాగి తిప్పి చూడండి. పురుగులుంటే దాని కిందకు చేరి ఉంటాయి. నేను అన్ని కుండీల్లోనూ పెట్టాను. 11లో ఏడింట్లో దొరికాయి.

దొంగ దొరికాడు. మరి దొంగకు తలుపు తీసిందెవరు? వీటికి కావలసిందల్లా ఎప్పుడూ ఆరని మట్టి. నాకు ఆశ్చర్యమేసింది. నేను రోజూ పొద్దున ఒక్క మగ్గే పోస్తాను కదా! ఆరా తీస్తే తేలిందేమిటంటే, నేను గుడికి వెళ్లాక పనమ్మాయి ఇల్లు తుడిచి, 'అమ్మ మరిచిపోయిందేమో' అని తలా ఓ గ్లాసు పోస్తోంది. రిటైరయ్యాక పొద్దుపోని మా ఆయన, పైకి అడవి అని తిడుతూనే, సాయంత్రం పేపరు చదవడం అయ్యాక గుట్టుగా ఓ చెంబు పోస్తున్నారు. ముగ్గురం ప్రేమ కొద్దీ పోశాం. ముగ్గురం కలిసి ఆ మొక్కల్ని ముంచేశాం.

ఇంకో తప్పు పూర్తిగా నాది. బియ్యం కడిగిన నీళ్లు, కాచిన టీపొడి పిప్పి, పప్పు కడిగిన నీళ్లు ఏదీ వృథా చెయ్యను. అన్నీ కుండీలోకే. ఇలాంటి పేజీల్లో చిట్కాలు చదివి నేర్చుకున్న విద్యే లెండి! పెరట్లో ఎండ తగిలే నేలలో అయితే అవి ఎరువే. ఎండ పడని హాల్లో, గుప్పెడు మట్టిలో అవి బూజుకు విందు. బూజు పడితే ఈగలు రాక ఏం చేస్తాయి?

ఇక వదిలించుకున్న పద్ధతి చెప్తాను. ఖర్చు పెద్దగా లేదు, ఓపికే కావాలి.

మొదట నీళ్లు ఆపేశాను. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, తడి తగిలితే నీళ్లు లేవు. అది రూలు. పురుగులు ఎక్కువగా ఉండేది పైనున్న రెండు మూడు అంగుళాల మట్టిలోనే కాబట్టి అది ఎండితే వాటికి బతుకు లేదు. మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు లాంటివి ఆ ఎండును హాయిగా తట్టుకుంటాయి. తమలపాకు అంతగా తట్టుకోదు. దానికి మాత్రం కుండీ కింద పళ్లెంలో నీళ్లు పోసి, అరగంటలో అడుగునుంచి పీల్చుకున్నాక మిగిలినవి పారబోశాను. వేళ్లకు నీరందింది, పైమట్టి పొడిగా ఉంది.

రెండోది, పైన ఒక అంగుళం మట్టి, రాలిన ఆకులు, టీపొడి గీకి తీసేశాను. దాని బదులు శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ఇసుక పరిచాను. ఇసుక తొందరగా ఆరుతుంది, గుడ్లు పెట్టడానికి వీలివ్వదు.

మూడోది, ఎగిరేవాటి కోసం పసుపురంగు అట్ట ముక్కలకు ఆముదం రాసి, పుల్లకు గుచ్చి కుండీలో పెట్టాను. పసుపు రంగంటే వాటికి మోజు. మిరప, పత్తి చేలల్లో రైతులు కట్టే పసుపు జిగురు అట్టల కిటుకు ఇదే. మొదటి వారం అట్టలు నల్లగా నిండిపోయాయి. చూసి మా ఆయన కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

నాలుగోది, లీటరు నీళ్లలో ఓ చెంచా వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, వారానికోసారి మట్టి మీద చిలకరించాను. అదీ మట్టి ఆరాకే. తాంబూలానికి కోసే ఆకు మీద పడకుండా చూశాను. రెండు రోజులు ఇల్లంతా వేప వాసన వస్తుంది, ఓర్చుకోవాలి. ఇప్పటికీ లొంగకపోతే బీటీఐ అనే బ్యాక్టీరియా పొడి దొరుకుతుంది. 1976లో ఇజ్రాయెల్ ఎడారిలో కనిపెట్టారు. ఇది మనుషులకు, పెంపుడు జంతువులకు హాని చెయ్యదు, ఈ ఈగల పిల్లల్ని, దోమ పిల్లల్ని చంపుతుంది. నాకు దాని అవసరం రాలేదు.

వారంలో పోయాయని చెప్తే అబద్ధమవుతుంది. గుడ్డు ఈగవడానికి మూడు నాలుగు వారాలన్నాను కదా, మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. నాకు ఐదు వారాలు పట్టింది. ఒక మొక్క చచ్చిపోయింది కూడా. స్నేక్ ప్లాంటు తీసి చూస్తే వేళ్లు మొత్తం కుళ్లి ఉన్నాయి. దాన్ని ఈగలు చంపలేదు. మా మూడు చెంబుల నీళ్లు చంపాయి.

ఇక్కడితో ఆపితే నేను గెలిచినట్టే ఉంటుంది. కానీ చెప్పాల్సింది ఇంకొకటుంది. దాచుకుంటే తప్పు.

కుండీలు శుభ్రం చేస్తూ మూలనున్న పెద్ద కుండీ జరిపాను. దాని కింది పళ్లెంలో నిలిచిన నీళ్లున్నాయి. ఆ నీళ్లలో వెంట్రుకముక్కల్లాంటివి తలకిందులుగా వేలాడుతూ గిలగిలా కదులుతున్నాయి. దోమ పిల్లలు! కిటికీలో గాజుసీసాలో పెంచే మనీప్లాంటు నీళ్లలో కూడా ఉన్నాయి. నాకు కాళ్లు చల్లబడ్డాయి. డెంగీ దోమకు మురుగు అక్కర్లేదు, ఇలా ఇళ్లలో నిలిచిన మంచినీళ్లే దానికి ఇష్టం. పగటిపూట కుడుతుంది. పై అంతస్తు పాపను కుట్టిన దోమ మా ఇంట్లో పుట్టిందో, ఇంకెక్కడ పుట్టిందో నాకెప్పటికీ తెలియదు. కానీ మా ఇంట్లో పుట్టి ఉండొచ్చు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం కమిటీ మీటింగుకి వెళ్లాను. మామూలుగా ఆయనే వెళ్తారు, ఆడవాళ్లం టిఫిన్ల దగ్గరే ఉంటాం. ఈసారి నేను లేచి మాట్లాడాను. "మా ఇంట్లో మొక్కల పళ్లెంలో దోమ పిల్లలు దొరికాయి. తప్పు నాదే" అని ముందే ఒప్పుకున్నాను. హాలంతా నిశ్శబ్దం. "అయితే దోమ మొక్కకు పుట్టలేదు, నిలిచిన నీళ్లకు పుట్టింది. ఆ లెక్కన కుండీలొక్కటే తీసేస్తే సరిపోదు. మేడ మీద మూత లేని ట్యాంకుంది. పోయిన ఎండాకాలం నుంచి మూలన పడేసిన కూలర్లలో వాననీళ్లున్నాయి. సెల్లారులో పాత టైర్లున్నాయి. ఫ్రిజ్ వెనక ట్రే ఎవరైనా ఎప్పుడైనా తీసి చూశారా? ఇవి కూడా చూద్దాం పదండి" అన్నాను.

అందరం కలిసి మేడెక్కాం. కూలర్లలో కనిపించినవి చూశాక ఎవరూ మాట్లాడలేదు. నోటీసు మార్చారు. కుండీలు ఉండొచ్చు, వాటి కింద నీళ్లు నిలవకూడదు. ప్రతి శుక్రవారం ఇంటింటా పళ్లేలు, సీసాలు, కూలర్లు ఖాళీ చేసి రుద్ది కడగాలి. రుద్దడం ఎందుకంటే, ఆ దోమ గుడ్లు గిన్నె అంచుకు అంటుకుని నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే లేచి కూర్చుంటాయి. గుడ్డు దోమవడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి కడిగితే గొలుసు తెగుతుంది. ఫ్రైడే డ్రైడే అని ప్రభుత్వం వాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఇదే. మనకే చెవికెక్కలేదు.

పాప కోలుకుని ఇంటికొచ్చింది. చూడ్డానికి వెళ్లి వాళ్లమ్మతో నా పళ్లెం సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ కాసేపేమీ అనలేదు. తర్వాత లేచి వెళ్లి, "మా బాల్కనీలో కూడా ఓ బకెట్టు ఉండిపోయిందక్కా" అంది. ఇద్దరం కలిసి అది కడిగాం.

నేననేది ఇంతే. ఇంట్లో చిన్న చికాకు రాగానే రెండు దారులే కనిపిస్తాయి మనకు: పారెయ్యడం, లేదా విషం కొట్టడం. రెండూ తొందర దారులే. ఎందుకొచ్చిందో చూడటమనే మూడో దారి ఒకటుంది. ఆ దారిలో వెళ్తే ఒక్కోసారి మన చెయ్యే కనిపిస్తుంది, కాస్త సిగ్గేస్తుంది. ఫర్వాలేదు. ఆ సిగ్గుతో మనకు పోయేదేమీ లేదు. మొక్కా మిగులుతుంది, పక్కింటి పిల్లా క్షేమంగా ఉంటుంది.

ఎదురింటావిడ గేటు పక్కన పెట్టిన పీస్ లిల్లీని వాచ్‌మన్ భార్య తన గది ముందు పెట్టుకుంది. అది తెల్లగా పూసింది కూడా. "ఏం చేశావే?" అని అడిగితే నవ్వి, "ఏముందమ్మా, నీళ్లకు మాకే కరువు, దానికి రోజూ ఎక్కడ పోస్తాం? వాడినప్పుడు ఇంత పోస్తున్నా" అంది.

రేపు పొద్దున మగ్గు పట్టుకునే ముందు ఓసారి మట్టిలో వేలు పెట్టి చూడండి. చల్లగా తగిలిందా, మగ్గు అక్కడే పెట్టేసి, వంగి కుండీ కింది పళ్లెం చూడండి.